ఎవరికి చెల్లింది?

మా వీధి చివర ఆటో స్టాండు ఉంది. పొద్దున్నే పాలకు వెళ్ళేటప్పుడు వరసగా నిలబడ్డ ఆటోల వెనక రాతలు చదవడం నాకు అలవాటు. అమ్మవారి పేర్లు, హీరోల బొమ్మలు, పిల్లల పేర్లు, వాటి మధ్య ఒక ఆటో అద్దం మీద ఎర్ర అక్షరాలతో 'యేసు రక్తమే జయం' అని ఉంటుంది. కోస్తా జిల్లాల్లో ఈ మాట కొత్తేం కాదు. ఇంటి గుమ్మాల మీద, లారీల ముందు, కొట్లో గల్లాపెట్టె పైన వేలాడే క్యాలెండర్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా కొన్నాళ్ళుగా ఆ మూడు మాటల దగ్గర నా మనసు ఆగిపోతోంది. రక్తం కారిపోయి చనిపోయినవాడు లోకం లెక్కలో ఓడినవాడు కదా. మరి జయం ఎవరిది? ఎవరి మీద? రక్తం అనగానే బలిపీఠం గుర్తొస్తుంది, జయం అనగానే యుద్ధం. బలిపీఠం దగ్గర శత్రువు ఉండడు. యుద్ధంలో చచ్చిపోయినవాణ్ణి ఎవరూ దేవుడికి అర్పించరు. ఈ రెండింటినీ ఒక్క అద్దం మీద పక్కపక్కన రాయించుకున్న ఆ డ్రైవరు వాటి మధ్య ఉన్న ఎడాన్ని ఎప్పుడైనా గమనించాడా? గమనించాల్సిన అవసరం అతనికి రాలేదేమో. నాకెందుకు వచ్చింది మరి?

గుడ్ ఫ్రైడే నాడు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. పన్నెండు నుంచి మూడింటి దాకా సాగే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మన సంఘాల్లో ఇదేదో అపొస్తలుల నాటి నుంచి వస్తున్న ఆచారం అనుకుంటాం. దీని మూలం పెరూ దేశపు లిమా నగరంలో ఉందని చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 1687లో ఆ ఊరిని భూకంపం కూల్చేసింది. ఆ తర్వాతి కాలంలో అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ గురువు అక్కడ ఈ మూడు గంటల ధ్యానాన్ని నెలకొల్పాడు. నేల కంపించిన ఊళ్ళో పుట్టిన ఆరాధన సముద్రాలు దాటి, కేథలిక్కుల నుంచి ప్రొటెస్టెంట్లకు చేరి, మన ఏప్రిల్ ఎండల్లో, తెల్లచీరల మధ్య, చప్పుడు చేసే ఫ్యాన్ల కింద కుదురుకుంది. ఇక ఆ ఏడుగురూ ఏం చెబుతారు? మొదటి మాట అందుకున్నవారు, అడగకముందే క్షమించే తండ్రిని చూపిస్తారు. నాలుగో మాటకు వచ్చేసరికి అదే తండ్రి తన కోపమంతా కొడుకు మీద కుమ్మరించి ముఖం తిప్పుకుంటాడు. ఆరో మాటలో బాకీ పైసలతో సహా తీరిపోతుంది. ఏడో మాటలో సాతాను తల చితుకుతుంది. అన్నిటికీ మేం ఆమెన్ అంటాం. నేనూ అంటాను. ఉపవాసంతో గొంతు ఎండిపోయి ఉన్నా ఆ ఆమెన్ మనస్ఫూర్తిగానే వస్తుంది. కానీ ఇంటికి నడిచి వస్తుంటే మనసు మెల్లగా అడుగుతుంది: ఉచితంగా క్షమించిన తండ్రికీ, పైసలతో సహా రాబట్టుకున్న తండ్రికీ పొత్తు ఎలా కుదురుతుంది?

దీనికి సంఘం ఎప్పుడో ఒక తీర్పు చెప్పి ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. చెప్పలేదు. 325లో నైసియాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో, 451లో కాల్సెడన్‌లో బిషప్పులు కూర్చుని క్రీస్తు ఎవరు, తండ్రితో ఆయనకున్న సంబంధం ఏమిటి, ఆయనలో దైవత్వమూ మానవత్వమూ ఎలా కలిశాయి అని కొట్లాడుకున్నారు. బహిష్కరణలు జరిగాయి, ప్రవాసాలు జరిగాయి. ఆయన చావు మనల్ని ఎలా రక్షించింది అన్నదాని మీద మాత్రం ఏ మహాసభా సూత్రం రాయలేదు. మేం ఆరాధనలో చెప్పుకునే విశ్వాస ప్రమాణంలో ఉన్నది ఆయన మన కోసం సిలువ వేయబడ్డాడన్న సంగతి ఒక్కటే. ఆ 'కోసం' లోపల ఏముందో పూరించే పని తర్వాతి వాళ్ళకు వదిలేశారు. అది మరిచిపోయి వదిలేశారో తెలిసి వదిలేశారో! తెలిసే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. 381 సభకు కొంతకాలం అధ్యక్షుడుగా కూర్చున్న నజియాంజస్ గ్రెగరీ ఆ లోపలి కష్టం బాగా ఎరిగినవాడు.

ఆయన గురించి చెప్పేముందు మా అమ్మమ్మ గురించి చెప్పాలి. అమ్మమ్మ చదువుకోలేదు. పొగాకు గ్రేడింగుకు వెళ్ళేది. తాతయ్య షావుకారికి రాసిచ్చిన ప్రోనోటు ఒకటి ఆ ఇంటి మీద ఏళ్ళ తరబడి వేలాడింది. వడ్డీ కట్టడమే గానీ అసలు తరిగేది కాదు. సంక్రాంతికి గుడ్డలు కొనాలన్నా, పిన్నికి సంబంధం చూడాలన్నా ముందు ఆ కాగితం మాట వచ్చేది. అమ్మమ్మకు సిలువ అర్థమైంది ఆ కాగితం వైపు నుంచే. కొలొస్సయులకు రాసిన పత్రికలో మన మీదున్న రుణపత్రాన్ని సిలువకు మేకులతో కొట్టేసిన సంగతి ఉంది కదా, గుడిలో అది చదివిన ఆదివారం ఆమె ముఖం వేరేగా ఉండేది. సండే స్కూల్లో నేర్చుకున్న తెలివితో ఒకసారి, "అయితే యేసయ్య మన బాకీ కట్టేశాడన్నమాట అమ్మమ్మా" అన్నాను. "కట్టలేదే పిచ్చిదానా, చించేశాడు" అంది. ఆమె సరిదిద్దింది చిన్న విషయమే అనుకున్నాను అప్పుడు. కట్టేస్తే షావుకారికి అందాల్సింది అందింది, లెక్క సరిపోయింది, కాకపోతే జేబు వేరే. చించేస్తే ఎవరికీ ఏమీ అందలేదు. నష్టం షావుకారే మింగాడు. ఈ రెంటిలో ఏది సువార్త?

గ్రెగరీ తన ఈస్టరు ప్రసంగంలో అడిగింది సరిగ్గా ఇదే: క్రీస్తు రక్తం విమోచన వెల అయితే, ఆ వెల ఎవరికి చెల్లింది? మనిషిని బంధించినవాడు సాతాను గనక సాతానుకా? దొంగకు దేవుడే వెలగా దొరకడమా, ఆ మాట తలుచుకోవడమే అవమానం అంటాడు. పోనీ తండ్రికా? మనల్ని చెరపట్టింది తండ్రి కాదే. పైగా, అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును అర్పించబోతే వద్దని పొట్టేలును చూపిన తండ్రి, తన సొంత కుమారుడి రక్తానికి సంతోషిస్తాడా? ఆయన స్నేహితుడే అయిన నిస్సా గ్రెగరీ మాత్రం సాతాను వైపే మొగ్గాడు. మానవ దేహం ఎరగా, దాని లోపల దాగిన దైవత్వం గాలంగా, మింగబోయిన సాతాను చిక్కుకున్నాడని రాశాడు. కప్పదోకియా ప్రాంతంలో పక్కపక్క ఊళ్ళ బిషప్పులు, ఒకే విశ్వాసం కోసం కలిసి పోరాడినవాళ్ళు, సిలువ దగ్గరికి వచ్చేసరికి ఇంత దూరంగా ఆలోచించారు. ఇద్దర్నీ సంఘం పరిశుద్ధులనే పిలుస్తోంది. నజియాంజస్ గ్రెగరీ తన ప్రశ్నకు పూర్తి జవాబు ఇవ్వకుండా, మిగిలింది మౌనంతో గౌరవించాలంటూ ఆగిపోతాడు. అలా ఆగడం నాకు పారిపోవడంలా కనిపించదు. ఎక్కడ ఆగాలో తెలియడం పెద్ద విద్య.

పదహారో శతాబ్దం చివర ఫాస్టస్ సొసినస్ ఆగలేదు. ఇటలీలో పుట్టి పోలండుకు చేరిన ఈయన, 1594లో అచ్చయిన తన పుస్తకంలో, అప్పు తీరిపోతే అందులో క్షమించడం ఏముంది, క్షమిస్తే అప్పు తీర్చడం ఎందుకు అని నిలదీశాడు. ఈ వాదం ఎన్నిసార్లు చదివినా నాకు అమ్మమ్మ గొంతే వినిపిస్తుంది. కానీ సొసినస్ ఆ దారిలో నడిచి నడిచి క్రీస్తు దైవత్వాన్నే వదిలేసుకున్నాడు. అమ్మమ్మ ఆ దారి తొక్కలేదు. ఆమె లెక్కలో చించినవాడూ, నష్టం మింగినవాడూ, మేకులు దిగినవాడూ ఒక్కడే. షావుకారు వేరు, జామీను వేరు అనుకున్న చోటే కథ చెడుతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, ఆమె ప్రార్థన చేసే తీరులో అది ఉండేది.

అసలు తండ్రికి చెల్లించడం అన్న ఆలోచనను నిలబెట్టినవాడు ఆన్సెల్మ్. ఇంగ్లండులో కాంటర్బరీ ఆర్చిబిషప్పు. రాజు రెండో విలియంతో పడక, దేశం విడిచి ఇటలీలో ఒక కొండ పల్లెలో ఉంటూ, 1098లో తన పుస్తకం ముగించాడు. దేవుడు మనిషి ఎందుకయ్యాడు అన్నదే దాని పేరు, దాని ప్రశ్న. శిష్యుడు బోసో అడుగుతుంటే ఆన్సెల్మ్ జవాబు చెబుతుంటాడు. సాతానుకు మన మీద ఏ హక్కూ లేదు, కాబట్టి వాడికి వెల కట్టే ప్రసక్తే లేదని పాత మాటను పక్కన పెట్టాడు. పాపం దేవుడికి దక్కాల్సిన మర్యాదను దొంగిలించడం. దాన్ని తిరిగి ఇవ్వాలి. ఇవ్వాల్సినవాడు మనిషి, ఇవ్వగలవాడు దేవుడు, కాబట్టి ఇచ్చేవాడు ఆ రెండూ అయినవాడే కావాలి. ఇంత బిగువైన తర్కం నేను చాలా తక్కువ చదివాను. అయినా దేవుడి మర్యాద, దేవుడి పరువు అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు జలదరిస్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, పరువు పేరు చెప్పి, గర్భిణి అయిన భార్య పక్కన నడుస్తున్న కుర్రాణ్ణి నరికించిన నేల ఇది. పరువు పోయిన తండ్రి రక్తంతో శాంతించడం అనే కథ మా చెవులకు ఆన్సెల్మ్ అనుకున్నట్టు వినపడదు. ఆయన పట్ల న్యాయంగా ఉండాలంటే ఇది కూడా చెప్పాలి: దేవుడి మర్యాదకు మనిషి నిజంగా ఏ లోటూ చేయలేడనీ, చెడేది సృష్టిలోని క్రమమూ అందమూ అనీ ఆయనే అన్నాడు. అంతేకాదు, ఆయన లెక్కలో చెల్లింపు శిక్షకు ప్రత్యామ్నాయం. చెల్లిస్తే శిక్ష ఉండదు. తండ్రి కొడుకును శిక్షించాడన్న మాట ఆన్సెల్మ్‌ది కాదు. ఆ తర్వాతి తరాలు దాన్ని ఆయన నోట పెట్టాయి.

శిక్ష మాట స్థిరపడింది సంస్కరణ కాలంలో. లూథరు దగ్గర అదీ ఉంది, సాతాను మీద విజయమూ ఉంది, రెండూ ఉరకలు వేస్తూ ఉంటాయి. 1930లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ ఔలెన్ తన పుస్తకంలో, తొలి శతాబ్దాల విశ్వాసులకు సిలువ ప్రధానంగా విజయమేననీ, లూథరు దాన్నే తిరిగి పట్టుకున్నాడనీ వాదించాడు. ఆ లెక్కన మా వీధి ఆటో అద్దం చాలా పాత సంగతే చెబుతోంది. దయ్యాల భయం, చేతబడి భయం, రాత్రిపూట చింతచెట్టు కిందికి వెళ్ళలేని భయం ఉన్న పల్లెల్లో మా ముందు తరాలకు మొదట అందిన యేసు న్యాయవాది కాడు, గెలిచినవాడు. కాల్విన్ వచ్చాక మాత్రం న్యాయస్థానం తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆయన ఓర్లియన్స్‌లో, బూర్జ్‌లో న్యాయశాస్త్రం చదివినవాడు. నేరస్థుడి బోనులో నిలబడ్డ నిర్దోషి, మన శిక్షను తాను మోసుకున్న యేసు, ఆయన రాతల్లో స్పష్టంగా కనిపిస్తాడు. సొసినస్‌కు 1617లో జవాబు రాసిన హ్యూగో గ్రోషియస్ కూడా న్యాయశాస్త్రవేత్తే. దేవుణ్ణి అప్పులవాడుగా కాకుండా పాలకుడుగా చూడమన్నాడు. చట్టాన్ని ఊరికే రద్దు చేస్తే దాని విలువ పోతుంది గనక, సిలువ ఆ విలువను లోకానికి చూపిందన్నాడు.

మన నేల మీద పుట్టిన మరో న్యాయశాస్త్రవేత్త మాత్రం ఆ కోర్టు హాల్లో కూర్చోవడానికి ఇష్టపడలేదు. పండిపెద్ది చెంచయ్య 1886లో నెల్లూరులో పుట్టాడు. మద్రాసులో వకీలు, పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. 1938లో తాంబరంలో ప్రపంచ మిషనరీ సభ జరగబోతున్నప్పుడు, భారతదేశంలో క్రైస్తవాన్ని కొత్తగా ఆలోచించాలంటూ మద్రాసు నుంచి వచ్చిన వ్యాస సంకలనం వెనకున్న ముఖ్యుల్లో ఒకడు. రోజంతా నేరాలూ రుణాలూ జామీనులూ చూసి ఇంటికొచ్చే మనిషి ఆయన. యేసులో ఆయనకు కనిపించింది శిక్ష సర్దుబాటు కాదు, కొత్త సృష్టి. సృష్టిలో అంతవరకూ లేని ఒక కొత్త మనిషి మొదలయ్యాడు, ఆ జీవం పరిశుద్ధాత్మ ద్వారా మనలోకి రావాలి, మనం ఆయనలా మళ్ళీ పుట్టాలి అన్నదే ఆయన తపన. పాప క్షమాపణ దగ్గరే ఆగిపోయే రక్షణ ఆయనకు చాలలేదు. రెండో శతాబ్దంలో లియోన్స్ బిషప్పు ఐరేనియస్ చెప్పిన సంగతికి, అంటే ఆదాము చెడగొట్టిన మానవ జీవితాన్ని క్రీస్తు మొదటి నుంచి మళ్ళీ జీవించి బాగుచేశాడన్న ఆలోచనకు, ఇది దగ్గరగా ఉంటుంది. మా గుళ్ళలో చెంచయ్య పేరు ఎత్తేవాళ్ళు లేరు. తెలుగువాళ్ళలో ఇంతగా ఆలోచించిన క్రైస్తవుడు మరొకడు నాకు కనబడడు. ఆయన్ను సెమినరీ అలమారాలకు వదిలేయడం నాకు నిజంగా బాధ.

పన్నెండో శతాబ్దంలో పీటర్ అబెలార్డ్‌కు కూడా ఈ వెల లెక్కతో ఇబ్బంది కలిగింది. రోమీయులకు రాసిన పత్రిక మీద వ్యాఖ్య రాస్తూ, ఒక నిర్దోషి రక్తాన్ని వెలగా కోరడం ఎంత క్రూరం అని అడిగాడు. సిలువ మీద కనిపించిన ప్రేమ మనలో ప్రేమను రగిలిస్తుంది, అదే విమోచన అన్నాడు. క్లెర్వో బెర్నార్డు ఆయన్ను 1141లో సాన్స్ సభ దాకా లాగాడు. అబెలార్డ్ పక్కన నిలబడాలనే నా మనసుకు ఉంటుంది. కానీ ఒక్క ప్రేమ ప్రదర్శన చాలునా? నా గుండె కరగడం వల్ల నేను దెబ్బతీసినవాడి గాయం మానుతుందా? ఇక్కడికి వచ్చేసరికి నా చేతిలో ఉన్న పుస్తకాలన్నీ ఒకే వైపు చూస్తున్నాయని అర్థమైంది. అప్పుపడ్డవాడు, నేరం చేసినవాడు, గుండె రాయి అయినవాడు, అంతా పాపం చేసినవాడి గురించే. పాపం ఎవరి మీద జరిగిందో ఆ మనిషి ఎక్కడ? కొరియా నుంచి అమెరికా వెళ్ళిన ఆండ్రూ సంగ్ పార్క్ 1993లో రాసిన పుస్తకంలో ఈ ప్రశ్నే వేశాడు. పాపికి క్షమాపణ సరే, పాపం వల్ల గాయపడ్డవాడికి సువార్త ఏది?

ఆ ప్రశ్న నాకు పుస్తకంలో కొత్తగా తగిలింది గానీ బతుకులో కొత్త కాదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు ప్రాణాలు పోయాయి. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు చీరాలకు పరిగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. మా సంఘం నుంచి బియ్యం, దుప్పట్లు పంపారు. ఆ తర్వాత వచ్చిన గుడ్ ఫ్రైడే నాడు, మీ పాపాలే ఆయన్ను సిలువ వేశాయి అని ప్రసంగీకుడు చెబుతుంటే, ఆ ఆవరణలో పడుకున్నవాళ్ళు ఈ మాట వింటే ఏమనుకుంటారని మొదటిసారి అనిపించింది. వాళ్ళకు ఆయన బోనులో తమ బదులు నిలబడ్డవాడు కాకముందు, తమలాగే తరమబడి చంపబడ్డవాడు. ఫ్రెంచి ఆలోచనాపరుడు రెనె జిరార్డ్ సువార్తల్లో చూసింది ఇదే. గుంపు ఒక నిర్దోషిని చంపి తన గొడవలు చల్లార్చుకుంటుంది, చంపినవాళ్ళ కథే ఎప్పుడూ మిగులుతుంది. సువార్తలు మాత్రం చచ్చినవాడి వైపు నుంచి చెప్పి ఆ గుట్టు బయటపెట్టాయి. దేవుడు ఆ బలి అడగలేదు, గుంపు అడిగింది.

ఈ మాటలన్నీ మా సంఘ కాపరి అయ్యగారి దగ్గర ఒక సాయంత్రం కాస్త ఆవేశంగానే చెప్పాను. ఆయన నా కంటే బాగా చిన్నవాడు, చీరాల పక్కవాడు. శ్రద్ధగా విన్నాడు. "టీచరు గారూ, మీరు కోర్టు వద్దంటున్నారు. కారంచేడు వాళ్ళ దగ్గరికెళ్ళి కోర్టు అక్కర్లేదని చెప్పగలరా?" అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో గానీ రాలేదు. ఇరవై మూడేళ్ళు. ఆ మధ్యలో కొందరు సాక్షులు పోయారు, కొందరు నిందితులూ పోయారు. "చంపినవాణ్ణి దేవుడు ఊరికే క్షమించేస్తాడంటే అది వాళ్ళకి సువార్తా అండీ? దేవుడికి కోపం రాలేదంటే వాళ్ళ బిడ్డల రక్తానికి విలువ లేదన్నట్టేగా?" అన్నాడాయన. కాల్విన్ న్యాయస్థానం జెనీవా మేధావి కల్పన అని నేను మనసులో తేల్చేసుకున్న చోట, న్యాయస్థానం కోసం ఇరవై మూడేళ్ళు మెట్లెక్కి దిగినవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆ రాత్రి కాల్విన్‌ను మళ్ళీ తెరిచాను. దేవుడి ప్రేమ క్రీస్తు మరణంతో మొదలవలేదనీ, ముందే ప్రేమించాడు గనకే ఆ మరణమనీ అగస్టీనును ఆసరాగా తీసుకుని ఆయన రాసిన పేజీ ఉంది. దాన్ని ఇన్నేళ్ళు ఎవరూ నాకు చదివి వినిపించలేదు.

అప్పటి నుంచి నాలో ఒకటి గట్టిపడుతూ వస్తోంది. సిలువ గురించి చెప్పే ప్రతి మాటనూ, అది ఎవరి చెవిలో పడుతోందో చూసి తూచాలి. చంపినవాడికి, దోచినవాడికి, చేయి చేసుకున్నవాడికి న్యాయస్థానం చూపించాలి. నీ బదులు ఒకరు మోశారు అన్న మాట వాడికి చివర చెప్పాలే గానీ మొదట కాదు. గాయపడ్డవారికి మొదట చెప్పాల్సింది ఆయన మీ వైపు చచ్చాడని. మా ఊళ్ళో ఇది తలకిందులుగా జరుగుతోంది. తాగొచ్చి కొట్టే మొగుడితో బతుకుతున్న ఒక స్త్రీ, ఏం చేయమంటారని ఒక దైవసేవకుణ్ణి అడిగితే, నీ సిలువ నువ్వు మోయమ్మా, ఆయన నోరు తెరవలేదు కదా అన్నాడట. ఆమె చెబుతుంటే నా చేతులు వణికాయి. ఆ మొగుడికి మాత్రం యేసు నీ పాపాలు మోశాడు, ఒప్పుకుంటే చాలు అని చెప్పి పంపించారు. మోయడం ఆమెకు, దిగిపోవడం వాడికి. జోయాన్ కార్ల్‌సన్ బ్రౌన్, రెబెకా పార్కర్ అనే ఇద్దరు స్త్రీలు 1989లో రాసిన వ్యాసంలో, కొడుకు బాధతో తండ్రి తృప్తిపడ్డాడన్న బోధ ఆడవాళ్ళను ఎన్ని తరాలు దెబ్బలకు అప్పగించిందో రాశారు. సిలువనే వదిలేద్దామన్నంత దూరం వాళ్ళు వెళ్ళారు. నేను వెళ్ళలేను. సిలువ తీసేస్తే ఆ స్త్రీ పక్కన నిలబడే దేవుడు కూడా పోతాడు.

యూర్గెన్ మోల్ట్‌మన్ అనే జర్మన్ పండితుడు ఆ దేవుణ్ణి యుద్ధంలో వెతికాడు. 1943లో హాంబర్గు మీద బాంబులు పడ్డప్పుడు ఆయన టీనేజి కుర్రాడు. పక్కనే నిలబడ్డ స్నేహితుడు చచ్చిపోయాడు. తర్వాత స్కాట్లండులో యుద్ధఖైదీగా ఉండగా చేతికొచ్చిన బైబిలులో, ఎందుకు చెయ్యి విడిచావని సిలువ మీద నుంచి యేసు వేసిన కేక చదివి, తనను అర్థం చేసుకున్నవాడు దొరికాడనుకున్నాడు. 1972లో సిలువ వేయబడ్డ దేవుడి గురించి పుస్తకం రాశాడు. అందులో తండ్రి తృప్తిపడి చూస్తున్నవాడు కాడు, కొడుకును పోగొట్టుకుంటున్నవాడు. దీన్ని నాకు మాటలకంటే బాగా చెప్పింది గ్రూనెవాల్డ్ వేసిన ఇసెన్‌హైమ్ బలిపీఠపు చిత్రం. నేను చూసింది అచ్చులోనే. అసలుది ఫ్రాన్సులోని కొల్మార్‌లో ఉంది. 1512, 1516 మధ్య, చర్మం కుళ్ళి కాళ్ళూ చేతులూ పడిపోయే రోగులకు ఆశ్రయమిచ్చిన మఠం కోసం వేసింది. బూజు పట్టిన రై ధాన్యం తిని వచ్చే జబ్బు అది. సిలువ మీద యేసు ఒళ్ళంతా పుళ్ళు, పచ్చబడ్డ చర్మం, గుచ్చుకున్న ముళ్ళు, కొంకర్లు పోయిన వేళ్ళు. ఆ రోగులకు ఎవరూ వెల గురించీ పరువు గురించీ చెప్పనక్కర్లేకపోయింది. తమ జబ్బు ఆయన ఒంటి మీద చూశారు. అయినా వాళ్ళ జబ్బుకు నేరస్థుడు లేడు. కారంచేడుకు ఉన్నారు. అక్కడే ఈ బొమ్మ కూడా నాకు చాలకుండా పోతుంది.

ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకి ఒక మాట మీద ప్రసంగించమని సంఘ పెద్దలు నన్ను అడిగారు. ఆడవాళ్ళకు సాధారణంగా ఇచ్చే మూడో మాట, తల్లిని శిష్యుడికి అప్పగించే మాట, నా పేరు ఎదురుగా రాశారు. అయ్యగారిని అడిగి రెండో మాటకు మార్పించుకున్నాను. పక్క సిలువ మీద దొంగకు యేసు పరదైసు మాటిచ్చిన ఘట్టం. అక్కడ ఎవరూ దేనికీ వెల కట్టరు. ఆ దొంగ మాత్రం తనకు పడ్డ శిక్ష న్యాయమేననీ, పక్కవాడు ఏ తప్పూ చేయలేదనీ పైకి ఒప్పుకుంటాడు. న్యాయస్థానమూ క్షమాపణా రెండూ అతని నోటి దగ్గరే కలిశాయి. ఇన్నేళ్ళుగా ఈ మాట మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, అన్నీ అతని అదృష్టం గురించే. అతను దోచుకున్న మనుషుల ఊసు ఎవరూ ఎత్తలేదు. అతను చంపినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ సాయంత్రం పరదైసు గుమ్మంలో అతను అడుగుపెడుతుంటే వాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారు? వాళ్ళను ఎవరు అడిగారు? వాళ్ళ ముందు అతను ఏం మాట్లాడాడు, వాళ్ళు లోపలికి రమ్మన్నారా? లూకా ఆ సంగతి రాయలేదు. నాకిచ్చిన ఇరవై నిమిషాలూ వాళ్ళ గురించే మాట్లాడతానని అయ్యగారికి ముందే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, మొదటి వరసలో ఎవరెవరు కూర్చుంటారో గుర్తుపెట్టుకుని మాట్లాడండి టీచరు గారూ అన్నాడు. ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు.